కౌజుపిల్ల కూత

వేటగాడు కౌజుపిల్లను పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఎత్తుకుపోయి, బుట్టలో పెట్టి కూయడం నేర్పాడు. మనవాడే పిలుస్తున్నాడని వచ్చిన కౌజులన్నీ వలలో పడేవి. ఎన్నాళ్లకో బుట్ట చీకిపోయి, పిల్ల తప్పించుకుని తల్లి ఉన్న పొదకు వచ్చింది.

"అయ్యో, ఎంత చిక్కిపోయాడో!" అంటూనే కౌజులు ఎడంగా జరిగాయి.

"ఉంటే ఉండనీ వదినా, కూయొద్దని మాత్రం చెప్పు. మా ఆయన్ని పిలిచింది ఆ గొంతే" అంది పక్కపొద కౌజు తల్లితో.

పొద్దువాలితే కౌజులన్నీ ఒకదాన్నొకటి పిలుచుకుని ఒకచోట చేరేవి. పిల్ల మాత్రం నోరు మూసుకుని దూరంగా ముడుచుకునేది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక కూసింది. పొదలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. తల్లి కూడా రెక్కలు విప్పింది. ఎగరలేక, విప్పిన రెక్కలు ముడవలేక అలాగే నిలబడింది.

"ఇంకోసారి కూయి నాయనా, అలవాటు చేసుకుంటాను" అంది.