ఐదువ

నేను పెళ్లి వద్దన్నానంటే కాలేజీ చదువు తలకెక్కిందంటారు మా ఇంట్లో. అది కాదు.

నాన్న పోయినప్పటి నుంచి మా చేను పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆర్మూర్ మార్కెట్టుకు పంపేది అమ్మే. నా పెళ్లి పసుపు దంచేనాడు మాత్రం గడప అవతలే నిలబడింది.

"మొదటి పోటు అమ్మ వేస్తది," అన్నాను.

"ముత్తైదువలు వెయ్యాలె బిడ్డా," అంది మేనత్త సాయవ్వ.

"ఐదువ అన్న మాట అవిధవ నుంచి వచ్చిందత్తా. విధవ కానిది అని. దాంట్ల మొగడు బతికుండుడు తప్ప ఇంకేం గొప్ప లేదు."

"అబ్బో! రోలు కాడ గూడ నిఘంటువేనా పిల్లా!"

అందరూ నవ్వారు.

రోకలి తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను. ఏ సబ్బుకూ పసుపు వదలని చేతులవి. అమ్మ ఆ రోకలిని అత్తకిచ్చేసింది.

"నా చెయ్యి తగిలితే నీకు కీడు బిడ్డా."

నవ్విన వాళ్లతో వాదించగలను. అమ్మతో ఏమనగలను?

ఆ పసుపు నేను పూసుకోను.