లీటరంటే కిలో

ఫారూఖ్ పచ్చి దొంగ అని కరీం బాషా తేల్చేసి అరగంటయింది. ఇప్పుడు ఆ సంగతి కురుపాం మార్కెట్ మొత్తానికి చాటే పనిలో ఉన్నాడు. ఫారూఖ్ కొట్లో లీటరు వేరుశనగ నూనె కొని, పక్కనున్న కూరగాయల కాటా మీద తూయించాడు. సీసా బరువు పోను తొమ్మిది వందల పది గ్రాములు తూగింది.

"మిగతా తొంభై గ్రాములు ఎవడి బొజ్జలోకెల్లాయి?" అని చుట్టూ చేరినవాళ్లను అడిగాడు.

ఫారూఖ్ గల్లా దగ్గర నుంచి లేవలేదు. "నూనె తేలిక భాయ్. లీటరు కొలత, కిలో బరువు. రెండూ ఒకటి కావు."

"లీటరు నీళ్లు కిలో తూగుతాయి. నీ నూనెకేటి, జొరమొచ్చి సిక్కిపోయిందా?"

జనం నవ్వారు. అంత నమ్మకముంటే నువ్వే కొట్టు పెట్టి అమ్మి చూడమన్నాడు ఫారూఖ్. పోర్టులో ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన కరీంకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నెల తిరక్కుండా ఎదురుగానే కొట్టు తెరిచాడు. 'ఇక్కడ లీటరంటే కిలో' అని బోర్డు రాయించాడు. ధర మాత్రం ఫారూఖ్ ధరే. మిల్లువాడు లీటర్ల లెక్కన డబ్బాలు దింపేవాడు. లీటరు అడిగినవాడికల్లా కరీం కిలో తూచి పోసేవాడు. మిల్లులో అప్పుకు హామీగా ఆనందపురం స్థలం కాగితాలు పెట్టాడు.

ఇల్లు కట్టుకుందామని దాచుకున్న అరవై ఆరు గజాల స్థలం అది. భార్య ఆమినాబీ ఊరుకోలేకపోయింది. కొత్త కాటా మీద గ్లాసుడు పంచదార పోసింది. రెండు వందల గ్రాములు చూపించింది. అదే గ్లాసుతో మైదా పోస్తే నూట పాతిక దాటలేదు.

"గ్లాసు ఒకటే కదా, బరువేటి మారింది?" అంది.

"పొయ్యి కాడి లెక్కలు పొయ్యి కాడే ఉంచు" అన్నాడు కరీం.

ఫారూఖ్ బేరాలన్నీ ఇటు తిరిగాయి. అందరిలోకీ పెద్ద బేరం జాక్సన్‌ది. రోజూ వ్యాను నిండా ఖాళీ క్యాన్లు వేసుకొచ్చి నింపించుకునేవాడు. పరవాడ మెస్సులకట. తమ ఓనరు ఇంకెక్కడా కొనొద్దన్నాడని చెప్పేవాడు. ఆ ఓనర్ని కరీం ఏనాడూ చూడలేదు గానీ, నమాజులో అతని కోసం కూడా దువా చేసేవాడు. ఎదురు కొట్టు ముందు మిల్లు వ్యాను ఆగడం మానేసింది. సగం దించిన ఆ షట్టరును చూస్తూ టీ తాగడం కరీంకు రోజూ పండగే.

బేరాలు ఎంత పెరిగితే మిల్లు బాకీ అంత పెరిగింది. పదిహేను లీటర్ల డబ్బా పదమూడున్నరకే ఖాళీ అయ్యేది. మిల్లువాడు దొంగ అన్నాడు కరీం. నూనె పోసే పనివాణ్ణి తరిమేశాడు. డబ్బాలు తిరగేసి చిల్లుల కోసం వెతికాడు. ఆమినాబీ మళ్లీ గ్లాసు తీస్తే, నీకూ ఆ ఫారూఖ్ ఏటైనా ముట్టజెప్పాడా అని అడిగాడు. ఆ తరవాత ఆమె ఆ ఊసెత్తలేదు.

ఏడాది తిరిగేసరికి మిల్లువాడు సరుకు ఆపేశాడు. బాకీ తీర్చకపోతే కోర్టుకెళ్తానన్నాడు. స్థలం అమ్మక తప్పలేదు. ఆ మాట వినగానే జాక్సన్, తమ ఓనరే కొంటాడని కబురు తెచ్చాడు. రొక్కం ఒకేసారి ఇస్తాడట.

రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఆమినాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఏడవకు. మన స్థలం దొంగ సేతికెల్లడం లేదు" అన్నాడు కరీం. "ఈ ఊళ్లో నాయమైన తూకం ఇలువ తెలిసినోడు ఆయనొక్కడే."

జాక్సన్ వ్యాను వచ్చి ఆగింది. కరీం చొక్కా గుండీ పెట్టుకుని, సలాం చేయడానికి చెయ్యెత్తుతూ ఎదురెళ్లాడు.

అరవై ఆరు గజాలూ కొనడానికి వ్యాన్లోంచి దిగిన ఓనరు ఫారూఖ్.