అంగుళం పైకి

"సత్యదుర్గా, నువ్వు చూస్తే చేతులు కట్టుకుని కూర్చున్నావు. మరి నీ పేరుతో తెర మీద నా గీత జరుపుతున్నదెవరమ్మా?"

అమలాపురం ఫ్యాషన్ కాలేజీలో క్లాసంతా కలిసి గీసే ఆన్‌లైన్ బోర్డు అది. భ్రమరాంబ మేడం తను తొడుక్కున్న జాకెట్టు డ్రాఫ్టునే అందులో పాఠంగా పెట్టింది. దాని చంక గీత చూస్తుండగానే అంగుళం పైకెక్కింది.

"మా అమ్మండీ. కువైట్‌లో బట్టలు కుడతాదండి. నా పేరుతో ఉన్న లింకే పంపేనండి."

"ఆహా! అడ్మిషన్ లేకుండానే క్లాసుకొచ్చేస్తున్నారన్నమాట!" మేడం నవ్వుతూ టైపు చేసింది: "గీత ఎందుకు జరిపేరండీ?"

జవాబు వెంటనే వచ్చింది. "చంక అంత కిందికి దించితే, చెయ్యెత్తినప్పుడు జాకెట్టంతా పైకొచ్చేస్తదండి."

క్లాసంతా మేడం వంక చూసింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు, వెనకున్న నల్లబల్ల తుడిచే నెపంతో చెయ్యెత్తింది. గబుక్కున దించేసింది.

"రేపటి పాఠం మీ అమ్మగారిదని చెప్పు," అంది, పైట సర్దుకుంటూ.