ఆరిపోయిన బ్రేకు దీపం

"బ్రేకు హెచ్చరిక దీపం దానంతటదే ఆరిపోయింది కదా నాన్నా, వదిలెయ్!" అంది వ్రోని.

"అరిగిన బ్రేకు దానంతటదే పెరుగుతుందటే? రేపు నీ మొగుడు బ్రెన్నర్ కనుమ దిగాలి," అంటూ అలోయిస్ అల్లుడి బండి చక్రం ఊడదీశాడు.

బ్రేకు ప్యాడ్లు ఇనుము తేలేదాకా అరిగిపోయాయి. అవి అరిగితే దీపం వెలిగించే తీగను, వెలగకుండా ఎవరో కొసలు కలిపి టంకం వేశారు. ముత్యంలాంటి టంకం. ఆ పని వ్రోనికి నేర్పింది తనే.

అలోయిస్ తలెత్తాడు. వ్రోని మెడమీది రుమాలు గబుక్కున సర్దుకుంది. కమిలిన వేలిముద్రలు అప్పటికే కనబడిపోయాయి.

"ఎన్నాళ్ళనుంచే?"

"పెళ్ళయినప్పటినుంచీ."

అలోయిస్ కొత్త ప్యాడ్లు అందుకున్నాడు.

"ఇంకా వాడికోసం బిగిస్తావా?"

"వాడికోసం కాదు. నువ్వు జైలుకెళ్ళకుండా. పెట్టె సర్దుకో, నా బండిలో పోదాం."