పెన్సిలూ బ్లేడూ

పాత నెగెటివును కిటికీ అద్దానికి ఆనించి, టచింగ్ మాస్టారు ఒంటికన్నుతో చూశాడు.

నల్లటి ముఖం. తెల్లటి జుట్టు. ఇరవై ఆరేళ్ల నాటి ఫిల్ము, అంచులు పసుపెక్కాయి.

"ఇదేనా మీ అమ్మ?"

"ఇలా చూస్తే దెయ్యంలా ఉంది గానీ, అమ్మే," అంది దర్జీ.

మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. మిషను మీంచి లేచి నేరుగా స్టూడియోకి వచ్చినట్టుంది.

ఆమె తల్లి పోయి నెలయింది. అన్నకీ చెల్లెలికీ పేచీ వచ్చింది. అమ్మ పుట్టుమచ్చ ఏ కంటి కింద అని.

"మా అన్న కుడి అంటాడు. నేను ఎడమ అంటాను. తీరా గోడ మీది ఫొటో దించి చూస్తే అసలు మచ్చే లేదు. అంతా మీ చలవే మాస్టారూ."

మాస్టారు నవ్వలేదు.

యాభై ఏళ్లలో ఆయన వదలనిది లేదు. నల్లగుడ్డ కప్పుకుని చూసే పెట్టె కెమెరా వదిలాడు. ఫిల్ము వదిలాడు. ఎర్రబల్బు వెలిగే చీకటిగది గోడ పగలగొట్టించి కంప్యూటరు పెట్టాడు. వీధిలో మిగతా రెండు స్టూడియోల వాళ్లూ షట్టర్లు దించుకుని పోతే, ఈయన అరవై దాటాక ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కూర్చున్నాడు.

ముఖం నున్నగా చెయ్యకుండా మాత్రం ఏ రోజూ, ఎవరికీ ఫొటో ఇవ్వలేదు. అందుకే టచింగ్ మాస్టారన్న పేరు.

టర్పెంటైన్ సీసా మూత బిగుసుకుపోయింది. చొక్కా అంచుతో పట్టి తిప్పాడు.

"నల్ల మచ్చ నెగెటివులో తెల్లటి చుక్కలా పడుతుందమ్మా. దాన్ని పెన్సిలుతో పూడ్చేవాణ్ణి. పెన్సిలు తుడిస్తే పోతుంది."

"మరి తెల్ల మచ్చయితే?"

"నల్లగా పడుతుంది. దాన్ని బ్లేడుతో గీకాలి."

"అదీ తుడిస్తే వస్తుందా?"

"గీకేసింది ఎక్కణ్ణుంచి వస్తుంది?"

దూది ముంచి ఫిల్ము మీద మెల్లగా తుడిచాడు. దూదికి బూడిదరంగు అంటింది.

కంప్యూటర్లోకి ఎక్కించి, నలుపునీ తెలుపునీ తిరగేశాడు.

నుదుటి మీద గీతలు. కళ్ల కింద ముడతలు. కుడి కంటి కింద, మిరియపు గింజంత మచ్చ.

దర్జీ తెర దగ్గరికి వంగింది. మచ్చ మీద వేలి కొస ఆనించింది.

"వాడే గెలిచాడు," అంది చివరికి. టేపు చివరతోనే ముక్కు తుడుచుకుంది. "పోనీలెండి. అమ్మ దొరికింది."

వెళ్లబోతూ ఆగింది.

"ఎలాగూ వచ్చాను, నాదీ ఒక ఫొటో తీసెయ్యండి. బుగ్గల మీద ఈ మంగు మాత్రం కనపడకూడదు. కొట్లో పెట్టుకునేది. బేరాలు బెదిరిపోతాయి."

స్టూలు మీద కూర్చోబెట్టాడు. గడ్డం కాస్త దించమన్నాడు. తీశాడు.

తెర మీద ఆమె ముఖం పెద్దదయింది. చెయ్యి తనంతట తానే మౌసు మీదికి పోయింది. బాణం గుర్తు మంగు మీద నిలబడింది.

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం, పాడైందా?"

"లేదమ్మా. ఇలాగే ఇద్దామనుకుంటున్నా."

"ఇదెక్కడి కొత్త పద్ధతి మాస్టారూ?"

"కొత్తదే. ఇవాళే మొదలు."

ఆమె తన ముఖం చూసుకుంది. పక్కనున్న తల్లి ముఖం చూసింది. మళ్లీ తన ముఖం చూసుకుంది.

"సరే, ఉండనీండి."

ఆమె వెళ్లాక స్టూడియోలో ఫ్యాను చప్పుడే మిగిలింది.

గోడ మీద భార్య ఫొటో. ఆమె పోయి పదకొండేళ్లు. రోజూ వస్తూ పోతూ చూసే ఫొటోనే.

కనుబొమ్మ మీద ఆమెకో మచ్చ ఉండేది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలింది. తెల్లగా, కాస్త మెరుస్తూ.

పెళ్లయిన కొత్తలో ఆ ఫొటో చేతికిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరండీ ఈవిడ?" అంది.

మెచ్చుకుందనుకున్నాడు.

ఆమె ఫొటోలన్నీ తనే తీశాడు. అన్నీ తనే దిద్దాడు.

దర్జీ కూర్చున్న స్టూలు లాక్కుని గోడకి ఎదురుగా కూర్చున్నాడు. ఎడమ కనుబొమ్మ చూశాడు. కుడి కనుబొమ్మ చూశాడు.

మరదలికి ఫోను చేశాడు.

"ఏంటి బావా, నా నంబరు మీద వేలు జారిందా? నువ్వుగా చేసే రకం కాదే."

"మీ అక్కకి కాలిన మచ్చ ఏ వైపు?"

అవతల నవ్వు ఆగింది.

"ఎడమ... ఉండు బావా. జడ వేసేటప్పుడు నాకు ఇటు వైపు... కాదు, అది అద్దంలో కదా."

మాస్టారు స్టూలు ఇంకాస్త గోడ దగ్గరికి జరుపుకున్నాడు.

"చీ, ఇదేం మతిమరుపు నాకు. ఒక్క నిమిషం ఆగు, ఫొటో చూసి చెప్తా. నువ్విచ్చిందే, మా హాల్లో ఉంది."

"చూడు," అన్నాడు.

ఫోను చెవికి ఆనించుకుని, ఆమె ఆ గోడ దాకా నడిచే చప్పుడు వింటూ కూర్చున్నాడు.