టోపీ తీసే ఉద్యోగం

మా మండలం పోలీస్ స్టేషన్లో ఇప్పుడు ఎస్సై లేడు, రైటర్ లేడు. ఫిర్యాదు రాసుకునేదీ, దొంగను పట్టేదీ, కోర్టుకు కాగితాలు పంపేదీ గోడలోని యంత్రమే. హెడ్ కానిస్టేబుల్ ఓబులేసును మాత్రం ఒక్క పనికి ఉంచారు. చావు కబురు మనిషే వెళ్ళి చెప్పాలట. యంత్రం చెబితే జనం బాధపడతారట.

ఆయన గడప ముందు నిలబడి టోపీ తీస్తాడు. నోరు తెరవకముందే లోపల ఏడుపు మొదలవుతుంది. ఆయన బండి చప్పుడు వింటే చాలు, వీధిలో తలుపులు మూసుకుంటాయి.

ఆ మధ్యాహ్నం మూడు ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చాడు. తల మాడిపోతుంటే గడపలోనే టోపీ తీశాడు. బియ్యం చెరుగుతున్న భార్య సుంకులమ్మ చేతిలోంచి చేట జారిపోయింది.

"మన పాపకేమయింది?"

"ఏం కాలేదు మే. ఎండకు తాళలేక తీసినా, అంతే."

ఆమె నమ్మలేదు. కర్నూలులో ఉన్న కూతురు ఫోనెత్తి "బాగుండాను మా" అనేదాకా ఏడుస్తూనే ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయన చేతిలోని టోపీ తీసుకుని తనే ఆయన నెత్తిన పెట్టింది.

"ఇంట్లో ఇది తియ్యగాకు."

ఆ రోజునుంచి ఓబులేసు టోపీతోనే అన్నం తింటున్నాడు.