పచ్చగా ఉన్న వైపు

"ఈ వైపు కొమ్మలకి ఏం మందు కొట్టారండీ?"

చెట్ల డాక్టరు అడిగిన ప్రశ్న హెడ్మాస్టరమ్మకి అర్థం కాలేదు. ఆవిడ రిటైరై చాలా కాలమైనా వీధంతా ఇంకా అలాగే పిలుస్తుంది.

"మందా? నేనేం కొట్టలేదు బాబూ."

"కొట్టకుండా ఇలా ఉండదు. చూడండి."

ఆవిడ తలెత్తి చూసింది. పైన్ చెట్టు వీధివైపు కొమ్మలన్నీ పసుపు తిరిగిపోయి, ముట్టుకుంటే చాలు సూదుల్లాంటి ఆకులు జలజలా రాలుతున్నాయి. మేడకిటికీ వైపు కొమ్మలు మాత్రం చాలావరకు పచ్చగానే ఉన్నాయి.

డాక్టరు వీధివైపు కొమ్మ కింద తెల్లకాగితం పట్టి, కొమ్మని గట్టిగా తట్టాడు. గసగసాల్లా రాలినవి కాసేపటికి కాగితం మీద నడవడం మొదలుపెట్టాయి.

"పేనుబంక. గుంపులుగా చేరి చెట్టు రసాన్ని జుర్రేస్తుంది. కొమ్మల మీద ఈ జిగురంతా దాని విసర్జనే. జిగురు మీద ఈ నల్లటి మసి. జిగురు కోసం చీమలు. చీమల బారు చూసైనా అనుమానపడాల్సింది మీరు."

"మరి ఆ వైపు?"

అతను నిచ్చెనెక్కి చూసి దిగాడు. "ఎవరో సబ్బునీళ్లు పోశారు. కొమ్మల సందుల్లో తెల్లటి చారలున్నాయి. చాలాసార్లే పోసుంటారు. సబ్బునీళ్లు ఒంటికి తగిలితే పేనుబంక బతకదు. వాళ్లెవరో గానీ మీ చెట్టుకి ప్రాణం పోశారండీ."

హెడ్మాస్టరమ్మ చూపు మేడకిటికీ మీద పడింది.

ఆ చెట్టంటే ఆవిడకి ఎంత ప్రాణమంటే, ఇల్లు కట్టేటప్పుడు దాని మీద గొడ్డలి పడనివ్వక ప్రహరీనే వంకర తిప్పించింది. మేడ మీద అద్దెకున్న టైలరమ్మాయి, "పిన్నిగారూ, మా అత్తయ్య మంచం దిగలేని మనిషి. ఆవిడ గదికి ఎండపొడే రాదు. కిటికీకి అడ్డమొచ్చిన కొమ్మలు కాస్త కొట్టించండి" అని ఎన్నిసార్లు బతిమాలినా, "నా వేలు నరుక్కుంటా గానీ కొమ్మ నరకను" అనేసింది.

చెట్టు పసుపు తిరుగుతున్న రోజుల్లోనే, ఆ అమ్మాయి కిటికీలోంచి బట్టలుతికిన నీళ్లు కొమ్మల మీద కుమ్మరించడం ఆవిడ కంటబడింది. ఇంకేముంది! కిందికి పిలిచి, వీధి వీధంతా చూస్తుండగా నిలబెట్టి దులిపేసింది.

"పచ్చటి చెట్టుని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

ఆ అమ్మాయి తలొంచుకుంది. బస్సు నడిపే ఆమె మొగుడే అడ్డంపడ్డాడు.

"మా ఆవిడ చీమకి కూడా అపకారం చెయ్యదండీ. బకెట్ మోసుకుని మెట్లు దిగే ఓపిక లేక పోసుంటుంది."

"మరి మాట్లాడదేం? తప్పు చేసినవాళ్లకే నోరు పెగలదు" అంది హెడ్మాస్టరమ్మ, బడిలో పిల్లల్ని నిలదీసే గొంతుతో.

ఆ వారమే వాళ్లు ముసలావిడని మంచంతో సహా దింపుకుని వెళ్లిపోయారు. వీధిలో ఒక్కరూ ఆ మంచానికి చెయ్యి వెయ్యలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి బాబూ?"

"బాగా ఎండినవి తీసేద్దాం. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి, చల్లటి పూట పలచటి సబ్బునీళ్లు ఆకుల అడుగుకి తగిలేలా చల్లుదాం. ఘాటు మందులొద్దు, అక్షింతల పురుగులు చస్తాయి. పేనుబంకని తినేవి అవే. కిటికీకి ఆనుకున్న కొమ్మలు కూడా కొట్టేస్తే గాలాడుతుంది. చెట్టుకే మంచిది."

"కొట్టెయ్" అంది ఆవిడ.

ఆ పూట ముద్ద దిగలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? వెళ్లకపోతే ఏ మొహం పెట్టుకుని బతకడం? ముందుగా ఆ రోజు వేడుక చూసినవాళ్లందరి గడపా తొక్కింది. "తప్పు నాది. ఆ పిల్ల బంగారం" అని చెప్పుకుంది. చెప్పిన ప్రతి గడపలోనూ తల కొట్టేసినట్టయింది. అయినా మానలేదు. ఆ తర్వాత వాళ్లనీ వీళ్లనీ అడిగి, టైలరమ్మాయి ఉండే చోటు పట్టుకుంది.

మెకానిక్ షెడ్డు వెనక ఒంటిగది. మొగుడు తల్లికి అన్నం కలిపి పెడుతున్నాడు. ఆ అమ్మాయి మిషను ముందు కూర్చుని ఉంది. హెడ్మాస్టరమ్మని చూడగానే గబుక్కున లేచి, గోడకి అంటుకుపోయింది.

"భయపడకమ్మా, తిట్టడానికి రాలేదు. నిన్ను నలుగురిలో తలదించుకునేలా చేశాను. నువ్వు నోరెత్తకపోతే అది నీ మంచితనమని తెలుసుకోలేకపోయాను. నీ సబ్బునీళ్లే నా చెట్టుని బతికించాయట. వీధిలో అందరికీ చెప్పొచ్చాను. కిటికీ దగ్గర కొమ్మలు కొట్టించేశాను. వాటా ఖాళీగానే ఉంది, వచ్చెయ్యండి."

"నేను అప్పుడే చెప్పాను గదండీ!" అన్నాడు మొగుడు, మొహం చేటంత చేసుకుని.

ఆ అమ్మాయి మాత్రం రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. హెడ్మాస్టరమ్మ వంగి, ఆమె చేతులు పట్టుకుంది.

"ఈ పెద్దదాన్ని క్షమించానని ఒక్క మాట అను తల్లీ."

"అలా అనకండి పిన్నిగారూ!" ఆ అమ్మాయి వెక్కుతూ చేతులు విడిపించుకుంది. మొగుడి వైపు చూడలేక నేల చూపులు చూసింది.

"ఆ చెట్టు చావాలనే పోశానండీ."